క్రొత్త ర్యామ్‌తో మేలుకొనని కంప్యూటరు

కంప్యూటరు లోపములలో మిగుల చిత్రమైనది ఒకటి కలదు. పాత ర్యామ్‌తో చక్కగా పనిచేయుచున్న యంత్రము, అంతకంటె మేలైనదని కొనితెచ్చిన క్రొత్త ర్యామ్ అమర్చినంతనే మూగబోవును. ఫ్యాను తిరుగును, దీపము వెలుగును, తెర మాత్రము నల్లగానే ఉండును. క్రొత్తది తీసి పాతది పెట్టినచో యథాప్రకారము నడచును. ఆ క్రొత్త ర్యామ్‌నే ప్రక్క యంత్రములో పెట్టి చూచినచో అచ్చట నిక్షేపముగా పనిచేయును. ఇందు దోషము దేనిది? ర్యామ్ అమ్మినవాడు బోర్డును నిందించును. బోర్డు బాగుచేయువాడు ర్యామ్‌ను నిందించును. ఇరువురి మాటలోను కొంత నిజమున్నట్లే తోచుటచే వినువాడు ఎటూ తేల్చుకొనలేక రెండింటిని మార్చుటకు సిద్ధపడును. పేద విద్యార్థికిగాని, విరాళములపై నడచు కళాశాలకుగాని అది చిన్న నష్టము కాదు.

ఈ చిక్కును విప్పుటకు ముందుగా యంత్రము మేలుకొను క్రమమును తెలిసికొనవలెను. మీట నొక్కగానే ఎస్.ఎం.పి.ఎస్. 12, 5, 3.3 వోల్టుల విద్యుత్తును బోర్డుకు పంపి, అవి నిలకడ చెందిన పిదప అంతయు సరిగా నున్నదను సంకేతము నొకదానిని ఇచ్చును. అప్పుడు ప్రాసెసరు తన మొట్టమొదటి ఆజ్ఞను ర్యామ్ నుండి చదువుననుకొనుట పొరపాటు. ఆ క్షణమున ర్యామ్ ఖాళీగా ఉండుటయే గాక, వాడుటకు వీలుకాని స్థితిలో ఉండును. మదర్‌బోర్డుపై నున్న ఒక చిన్న ఫ్లాష్ చిప్పులో బయోస్ అను ప్రోగ్రాము భద్రపరచబడి యుండును. నేటి బోర్డులలో దాని స్థానమున యు.ఇ.ఎఫ్.ఐ. వచ్చినది గాని వ్యవహారములో బయోస్ అను పేరే నిలిచినది. ప్రాసెసరు ఆ ప్రోగ్రామును చదువుచు, తన లోపలనున్న కొద్దిపాటి క్యాష్ మెమరీనే తాత్కాలికముగా ర్యామ్‌వలె వాడుకొనుచు, అసలు ర్యామ్‌ను సిద్ధపరచు పనికి పూనుకొనును.

ఆ సిద్ధపరచుట ఎట్లు జరుగునో చూడుడు. ప్రతి ర్యామ్ స్టిక్కుపై పెద్ద నల్లని చిప్పులతోపాటు కందిగింజంత చిన్న చిప్పు మరొకటి ఉండును. దానిని ఎస్.పి.డి. అందురు. పరీక్షకు వచ్చు విద్యార్థి చేతిలోని హాలుటికెట్టు వంటిది అది. నేను ఇంత పరిమాణముగల దానను, నా చిప్పుల అమరిక ఇట్టిది, నాకు ఇన్ని వోల్టులు కావలెను, నేను ఇంత వేగమున పనిచేయగలను అను వివరములన్నియు అందు వ్రాయబడి యుండును. డి.డి.ఆర్.3 స్టిక్కులో ఈ వివరములకు 256 బైట్లు, డి.డి.ఆర్.4లో 512, డి.డి.ఆర్.5లో 1024 బైట్లు కేటాయించినారు. బయోస్ ఆ హాలుటికెట్టును చదివి, మెమరీ కంట్రోలరుకు తగిన ఆదేశము లిచ్చి, సంకేతములు సరిగా అందుచున్నవో లేదో పరీక్షించుకొనును. ఈ పరీక్ష గట్టెక్కిన పిదపనే తెరపై మొదటి అక్షరము కనిపించును.

ఇందుండి ముఖ్యమైన సంగతి ఒకటి తేలుచున్నది. ర్యామ్ దగ్గర ఆగిపోయిన యంత్రము తన బాధను తెరపై చెప్పుకొనలేదు. డిస్ప్లే రావడము లేదని మనవారు మానిటరును, కేబులును మార్చి చూచుట వలన ఫలము లేకపోవుటకు కారణ మిదియే. అందుచేతనే బోర్డు తయారుచేయువారు బీప్ ధ్వనులను ఏర్పరచిరి. ఏ.ఎం.ఐ. వారి బయోస్‌లో ఒకటి, రెండు లేక మూడు పొట్టి బీప్‌లు మెమరీ లోపమును సూచించును. అవార్డు వారి బయోస్‌లో ఒక్క పొట్టి బీప్ వినబడినచో అంతయు క్షేమమని అర్థము, ఎడతెగక వచ్చు దీర్ఘధ్వని మెమరీని సూచించును. ఒకే ధ్వనికి రెండుచోట్ల రెండర్థము లున్నవి గనుక బోర్డుతో వచ్చిన పుస్తకమును పారవేయకుండుట మంచిది. నేటి బోర్డులలో స్పీకరే ఉండక, దానికి బదులు సి.పి.యు., డి.ర్యామ్, వి.జి.ఎ., బూట్ అను పేర్లతో నాలుగు చిన్న దీపములు పెట్టుచున్నారు. డి.ర్యామ్ అను దీపము వెలిగి ఆరకున్నచో చిక్కు ఎచ్చట నున్నదో వేరుగ చెప్పనక్కరలేదు.

స్పీకరున్న బోర్డుపై చేయదగిన చక్కని పరీక్ష ఒకటి కలదు. ర్యామ్ స్టిక్కులన్నిటిని తీసివేసి మీట నొక్కవలెను. బోర్డు ఎలుగెత్తి బీప్ కొట్టినచో సంతోషింపవలసినదే, ఏలననగా ప్రాసెసరు బ్రతికియున్నది, బయోస్ నడచుచున్నది, ర్యామ్ లేదని అది గ్రహించినది. ఏ ధ్వనియు రాకున్నచో దోషము ర్యామ్ కంటె ముందటి మెట్టున ఉన్నదేమోనని అనుమానింపవలెను.

ఇక చేతిపని. పవర్ కేబులును గోడనుండి ఊడదీసి, మీటను కొన్ని సెకన్లు నొక్కిపట్టి మిగిలిన విద్యుత్తును పోనివ్వవలెను. క్యాబినెట్ యొక్క రంగు లేని లోహభాగమును తాకినచో ఒంటిలోని స్థిరవిద్యుత్తు పోవును. ర్యామ్ స్టిక్కు యొక్క బంగారు పూత అంచును పెన్సిలు రబ్బరుతో రుద్దుట మన మెకానిక్కులలో బహుళ ప్రచారములో నున్న వైద్యము. అది పెక్కుసార్లు ఫలించుమాట నిజమే. మసిపట్టిన అంచు శుభ్రపడును. కాని ఆ పూత అతి పలుచనిది, మాటిమాటికి రుద్దినచో అరిగిపోవును. రబ్బరు పొడి స్లాటులో పడినచో క్రొత్త బాధ మొదలగును. ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, స్లాటులోని దుమ్మును బ్లోయరుతో ఊదుట మేలు. స్టిక్కును తిరిగి పెట్టునప్పుడు రెండు కొనలను సమముగా నొక్కి, క్లిప్పు టక్కుమని పట్టువరకు ఆగకూడదు. సగము దిగిన స్టిక్కు చూచుటకు పూర్తిగా దిగినట్లే కనబడును.

శుభ్రపరచినను లొంగనిచో పరీక్షను క్రమపద్ధతిలో సాగించవలెను. ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెనను నియమమును ఇచ్చట ఎంతమాత్రము మీరరాదు. పాత స్టిక్కును ఒంటరిగా ఒక్కొక్క స్లాటులోను పెట్టి చూడవలెను. పిదప క్రొత్తదానిని ఒంటరిగా ఒక్కొక్క స్లాటులోను పెట్టి చూడవలెను. ఏ స్టిక్కు పెట్టినను ఒకే స్లాటు మూగబోయినచో దోషము ఆ స్లాటుదిగాని, ప్రాసెసరు సాకెట్టులో వంగిన పిన్నుదిగాని అయి యుండును. ఒకే స్టిక్కు అన్ని స్లాట్లలోను, అన్ని యంత్రములలోను మూగబోయినచో ఆ స్టిక్కే చెడినది. పై రెండును గాక, క్రొత్త స్టిక్కు ఈ యంత్రమున మాత్రమే మూగబోయి అన్యత్ర పనిచేయుచున్నచో, రెండును ఆరోగ్యముగానే ఉన్నవి. వాటికి పొత్తు కుదరలేదు. ఈ మూడవ అవకాశమును మన బజారు మెకానిక్కులు తరచుగా మరచెదరు.

మా కంప్యూటరు శాలలో జరిగినది సరిగా ఇదే. దాతలొకరు ఇచ్చిన ఆరు పాత యంత్రములు అందు కలవు. అన్నియు ఇంటెల్ జి41 చిప్‌సెట్ గల బోర్డులే. ఒక్కొక్కదానిలో 2 జి.బి. డి.డి.ఆర్.3 ర్యామ్ ఉండెను. విద్యార్థులు ఉపకారవేతనపు దరఖాస్తులు నింపుటకు, ఉర్దూ, తెలుగు లిపులలో వ్యాసములు టైపు చేసికొనుటకు ఆధారము అవియే. నేటి బ్రౌజరు తెరచినంతనే 2 జి.బి. నిండిపోవుచుండుటచే, ఆరింటికి ఆరు 4 జి.బి. స్టిక్కులు కొన్నారు. ఒక్క యంత్రమును మేలుకొనలేదు. పిలిపించిన మెకానిక్కు ఒక స్టిక్కును తన వద్దనున్న వేరొక యంత్రములో పెట్టి, డిస్ప్లే తెప్పించి చూపినాడు. “ర్యామ్ మంచిగనే ఉన్నది సార్, బోర్డులు పాతగైనయి, కొత్తవి తీస్కోవాలె” అన్నాడు. ఆరు యంత్రములను పాత సామానుల క్రింద అమ్మివేయవలెనను మాట కమిటీ ఎదుటకు వచ్చినది.

ఆరు బోర్డులు ఒకేనాడు చెడుట సంభవమా? ఆ ప్రశ్నను వేసికొన్నవారికి దారి దొరకును. రెండవ సంవత్సరపు విద్యార్థి యొకడు పాత స్టిక్కును, క్రొత్త స్టిక్కును ప్రక్కప్రక్కన పెట్టి చూచి, రెండింటిపైనను ఎనిమిదేసి చిప్పులే ఉన్నవని గమనించినాడు. పాతది 2 జి.బి., క్రొత్తది 4 జి.బి.; చిప్పుల సంఖ్య మాత్రము సమానము. కావున క్రొత్తదానిలోని ఒక్కొక్క చిప్పు రెట్టింపు సాంద్రత గలదై యుండవలెను. రహస్యమంతయు ఇందే ఉన్నది.

దీనిని కొంచెము విపులముగా చెప్పెదను. ర్యామ్ చిప్పులోని ప్రతి కణము ఒక సూక్ష్మమైన కెపాసిటరు, దానికి కాపలాగా ఒక ట్రాన్సిస్టరు. ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెన్నార్డ్ ఈ అమరికకు 1968లో పేటెంటు పొందెను. 1970లో ఇంటెల్ విడుదల చేసిన 1103 అను చిప్పులో ఇట్లు 1024 బిట్లు పట్టుచుండెను. అందలి కణమునకు మూడు ట్రాన్సిస్టర్లు కావలసివచ్చెను. మన క్రొత్త స్టిక్కులోని ఒక్క చిప్పులో 4 గిగాబిట్లు, అనగా దానికి నలుబది లక్షల రెట్లకు పైగా పట్టుచున్నవి. ఇన్ని కణములను ఒక్కొక్కటిగా పిలుచుట అసాధ్యము గనుక వాటిని అడ్డువరుసలుగను నిలువువరుసలుగను తీర్చినారు. ఇన్నవ బ్యాంకు, ఇన్నవ అడ్డువరుస, ఇన్నవ నిలువువరుస అని మెమరీ కంట్రోలరు చిరునామా పంపును. ఆ చిరునామా పోవునది బోర్డుపై గీసిన సన్నని రాగితీగెల మీదుగానే. ఒక తీగె ఒక ద్వ్యంశాంకమును మాత్రమే, అనగా సున్నను గాని ఒకటిని గాని మాత్రమే, మోయగలదు.

ఎనిమిదేసి బిట్లుగా అందించు 2 గిగాబిట్ల డి.డి.ఆర్.3 చిప్పులో 8 బ్యాంకులు, ఒక్కొక్క బ్యాంకులో 32,768 అడ్డువరుసలు, 1,024 నిలువువరుసలు ఉండును. 32,768 వరుసలను వేరుపరచుటకు 15 తీగెలు చాలును. 4 గిగాబిట్ల చిప్పులో అడ్డువరుసలు 65,536కు పెరిగినవి. అందుకు 16 తీగెలు కావలెను. 2008లో వచ్చిన జి41 చిప్‌సెట్ 2 గిగాబిట్ల చిప్పుల వరకే ఉద్దేశింపబడినది. పదునారవ తీగె దానికి లేదు. లేఖపై చిరునామా వ్రాయుటకు పదునైదు గళ్ళే అచ్చువేసిన కవరు చేతికిచ్చి, పదునారక్షరముల ఊరికి ఉత్తరము పంపుమన్నట్లున్నది ఇది. బయోస్ ఆ స్టిక్కు హాలుటికెట్టును చదివి, తనవద్ద లేని అమరికను అది కోరుచున్నదని కనుగొని, అచ్చటనే నిలిచిపోవును.

మరి జి41పై 4 జి.బి. స్టిక్కు అసలే పనిచేయదా? పనిచేయును. దానిపై 2 గిగాబిట్ల చిప్పులు పదునారు, రెండు ప్రక్కల ఎనిమిదేసి చొప్పున ఉండవలెను. లెక్క ఒక్కటియే: పదునారు రెండ్లు ముప్పదిరెండు, ఎనిమిది నాలుగులు ముప్పదిరెండు, 32 గిగాబిట్లు 4 జి.బి.కి సమానము. పరిమాణములో తేడా లేకున్నను చిరునామాలో తేడా కలదు. స్టిక్కుపై చీటీలో 4 జి.బి. డి.డి.ఆర్.3 అనియే రెండింటికిని వ్రాయుదురు గనుక కొనువాడు చీటీ చదివి తెలిసికొనలేడు, చిప్పులను లెక్కపెట్టవలసినదే. ఇట్టి లోపమునకు బయోస్‌ను నవీకరించుట కూడ మందు కాదు. ప్రోగ్రామును మార్చవచ్చునుగాని లేని తీగెను ప్రోగ్రాముతో పుట్టింపలేము.

ఈ జాతి తగవు జి41తో పుట్టినది కాదు, దానితో పోయినదియు కాదు. డి.డి.ఆర్.2 కాలమున ఏ.ఎం.డి. ప్రాసెసర్లకు మాత్రమే అను షరతుతో చవుకగా 4 జి.బి. స్టిక్కులు అమ్మబడెను. వాటి చిప్పులు ఎనిమిదేసి బిట్లకు బదులు నాలుగేసి బిట్లు అందించు రకమువి. ఏ.ఎం.డి. ప్రాసెసర్లలోని కంట్రోలరు ఆ అమరికను స్వీకరించుచుండగా, ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌సెట్లు స్వీకరింపలేదు. తరువాత 16 జి.బి. డి.డి.ఆర్.3 స్టిక్కులు వచ్చినప్పుడు, 8 గిగాబిట్ల చిప్పుల మూలమున, ఇంటెల్ వారి నాలుగవ తరము డెస్క్‌టాప్ ప్రాసెసర్లతో ఇదే కథ పునరావృతమైనది. ధర మరీ చవుకగా కనబడిన ర్యామ్ వెనుక ఇట్టి కారణ మేదియో ఉండుట సాధారణము.

సర్వర్ల నుండి ఊడదీసిన రిజిస్టర్డు ర్యామ్ మరొక ఉచ్చు. డి.డి.ఆర్.4 వరకు అది మామూలు డెస్క్‌టాప్ స్లాటులో చక్కగా దిగును; దిగినది గదా అని మురియువానికి తెర వెలుగదు. సామాన్య డెస్క్‌టాప్ బోర్డులకు బఫరు లేని స్టిక్కులే కావలెను. వేర్వేరు తరముల విషయములో మాత్రము తయారీదారులు మనల కాపాడినారు: డి.డి.ఆర్.3, 4, 5 స్టిక్కుల క్రింది అంచులోని గంటు ఒక్కొక్కదానికి ఒక్కొక్కచోట ఉండును. బలవంతము చేయనంతకాలము పొరపాటునకు తావు లేదు. వోల్టులును తరముతరమునకు తగ్గినవి. డి.డి.ఆర్.3కు 1.5, డి.డి.ఆర్.4కు 1.2, డి.డి.ఆర్.5కు 1.1. డి.డి.ఆర్.3లోనే 1.35 వోల్టులతో పనిచేయు ఎల్ అను ఉపజాతి కలదు. దాని గంటు మామూలు డి.డి.ఆర్.3 గంటు వంటిదే గనుక 1.35 వోల్టులే కోరు బోర్డులపై చీటీ చదువక తప్పదు.

క్రొత్త యంత్రములలో కంట్రోలరు ప్రాసెసరులోనే చేరిపోయినది. అచ్చట తీగెల కొరత కంటె వేగము తెచ్చు తగవులు ఎక్కువ. పెట్టెపై పెద్ద అక్షరములతో అచ్చువేయు వేగము తరచుగా స్టిక్కు సహజ వేగము కాదు, ఎక్స్.ఎం.పి. లేక ఎక్స్‌పో అను అమరికను బయోస్‌లో ఎన్నుకొన్నప్పుడు మాత్రమే, ఒక్కొక్కప్పుడు హెచ్చు వోల్టులతో, అది సిద్ధించును. ఆ అమరికను ఎన్నుకొన్న మరుక్షణమే యంత్రము మూగబోయినచో ర్యామ్‌ను నిందింపనక్కరలేదు. బోర్డుపై క్లియర్ సీమాస్ అను రెండు పిన్నులను కొన్ని సెకన్లు కలిపినను, పవర్ కేబులు తీసి నాణెమంత సి.ఆర్.2032 బ్యాటరీని కొంతసేపు తొలగించినను బయోస్ తన పూర్వస్థితికి వచ్చును. ఈ పని చేసినవారు తేదీని సరిచేయుట మరువరాదు. తేదీ ఏండ్ల వెనుకకు పోయిన యంత్రములో బ్రౌజరు సురక్షితమైన వెబ్‌సైట్లను తెరువ నిరాకరించును. ఇంటర్నెట్టు పోయినదని మరియొక అపవాదు పుట్టును.

నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండే స్టిక్కులు పెట్టునప్పుడు సాధారణముగా ప్రాసెసరు నుండి రెండవ, నాలుగవ స్లాట్లు వాడవలెను. మొదటి రెండు స్లాట్లను వరుసగా నింపుట మన సహజబుద్ధికి సరియనిపించును గాని, అట్లు చేసినచో కొన్ని బోర్డులు మేలుకొనవు, మేలుకొన్నవియు పూర్తి వేగము నందుకొనవు. నాలుగు స్లాట్లను నింపినప్పుడు డి.డి.ఆర్.5 వేగమును తగ్గించుకొనవలసి వచ్చుట కూడ లోపము కాదు. మరియొక హెచ్చరిక: 2022 నుండి వచ్చిన ఏ.ఎం.డి. ఏ.ఎం.5 బోర్డులపై మొదటిసారి ర్యామ్ పెట్టినప్పుడు దానిని పరీక్షించుకొనుటకు కొన్ని నిమిషములు పట్టవచ్చును. అంతసేపును తెర నల్లగానే ఉండును. ఓపిక చాలక మధ్యలో మీట నొక్కినవాడు ఆ పరీక్షను మరల మొదటినుండి ప్రారంభింపజేయును.

మేలుకొన్నంత మాత్రమున ర్యామ్ నిర్దోషమని తలపరాదు. రెండు సంస్థల స్టిక్కులు కలిపినప్పుడు యంత్రము మేలుకొని, గంట తరువాత నీలితెర చూపుట కలదు. మెమ్‌టెస్ట్ 86 ప్లస్ అను ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవులో వేసి, దానినుండి యంత్రమును నడిపి, రాత్రి అంతయు పరీక్ష సాగనివ్వవలెను. ఉదయమున ఎర్రని వరుస ఒక్కటి కనబడినను ఆ అమరిక పనికిరాదు. అప్పుడు స్టిక్కులను విడివిడిగా పరీక్షించి తప్పు దేనిదో తేల్చవలెను.

మా ఆరు స్టిక్కులను అంగడివారు కొంత రుసుము తగ్గించుకొని, పదునారు చిప్పులవానితో మార్చి ఇచ్చినారు. పాత 2 జి.బి. స్టిక్కును రెండవ స్లాటులో ఉంచుటచే ఒక్కొక్క యంత్రమున ఇప్పుడు 6 జి.బి. ఉన్నది. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరుతో ముగిసినది గనుకను, విండోస్ 11 ఈ వయసు యంత్రములను అంగీకరింపదు గనుకను వాటిలో లినక్స్ వేయబడినది. ఇకముందు ర్యామ్ కొనుటకై సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళువారి సౌకర్యార్థము, కొనుగోలు పత్రమున 4 జి.బి. ర్యామ్ అని మాత్రమే వ్రాయక, ఇట్లు వ్రాయవలసినదిగా కమిటీవారికి మనవి: “4 జి.బి., డి.డి.ఆర్.3, బఫరు లేనిది, 1.5 వోల్టులు, రెండు ప్రక్కల కలిపి పదునారు చిప్పులు గలది, జి41 బోర్డుపై పనిచేయనిచో వాపసు తీసికొను షరతుతో.”